ఎర్రబడని టమాటాలు

పన్నెండెకరాల మామిడితోట పెట్టుకుని పెయింటు డబ్బాల్లో టమాటాలు పెంచడమేంటని మా ఆయన మొదట్లో నన్ను బాగా ఆటపట్టించారు. తోట మాదన్న మాటే గానీ అందులో నేను చేసే పనంటూ ఏమీ లేదు. పూత మీదే కాపు అమ్మేస్తాం. ఆ తర్వాత మందు కొట్టించేదీ, కాపలా పెట్టించేదీ, కోయించేదీ అంతా తోట కొన్నాయనే. నూజివీడు చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఇదే వరస. మా చెట్టు కాయ మేం కోసుకోవాలన్నా ఆయన చెవిన ఒక మాట వెయ్యాలి. అందుకేనేమో, ఒక మొక్కని నా చేత్తో నాటి, నా చేత్తో నీళ్ళు పోసి, నా చేత్తో కోసుకు తినాలన్న పిచ్చి యాభై ఏడో ఏట నాకు పట్టుకుంది.

ఫోన్లో మిద్దెతోటలవాళ్ళ గ్రూపు ఒకటుంది. అందులో పరిచయమైన ఏలూరావిడ విత్తనాలు కవర్లో పెట్టి పోస్టులో పంపించారు. చిన్న కాగితం పొట్లం, దాని మీద పెన్నుతో చెర్రీ టమాటా అని రాసుంది. అంతే. ఏ రంగు కాయో, ఎలా ఉంటుందో ఏమీ రాయలేదు. నేనూ అడగలేదు. టమాటాకి రంగేంటని ఎవరైనా అడుగుతారా?

డిసెంబరు ఆఖర్లో కొబ్బరిపొట్టు తడిపి, పాత టీ కప్పుల్లో విత్తాను. ఆరో రోజుకి మొలకలు తల ఎత్తాయి. నాలుగాకులు రాగానే పెయింటు డబ్బాల్లోకి మార్చాను. వంటింటి వెనక, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ పడే మూల ఒకటుంది, అక్కడ ఎనిమిది డబ్బాలు వరసగా పెట్టించాను. మాగిన పేడ ఎరువు, కాస్త వేపపిండి. తెల్లదోమ పడితే వేపనూనె, ఆకు ముడుచుకుంటే పుల్లమజ్జిగ. పక్క పిలకలు గిల్లేసి, ఊతకి వెదురు పుల్లలు పాతి, నా పాత నేతచీర అంచు చించి కట్టాను. పూత వచ్చాక రోజూ పొద్దున్నే కాడ మీద వేలితో చిన్నగా తట్టి, పుప్పొడి రాలేలా చేసేదాన్ని. మా పిల్లలకి కూడా ఇంత సేవ చెయ్యలేదని మా ఆయన దెప్పేవారు. అది మాత్రం నిజమే.

మార్చి నెలాఖరుకి గుత్తులు గుత్తులుగా పట్టాయి. ఒక్కో గుత్తికి పదీ పన్నెండు కాయలు, ఉసిరికాయంత. నిగనిగలాడుతూ, చూస్తే దిష్టి తగిలేలా ఉన్నాయి. ఇక ఎర్రబడడమే తరువాయి అనుకున్నాను. గ్రూపులో అందరూ గిన్నెల నిండా ఎర్రటి కాయలు పోసి ఫోటోలు పెడుతున్నారు. నావీ పెడతాను, వారం ఆగండి అని గొప్పగా రాశాను. వారం అయింది. రెండు వారాలయింది. ఒక్కటి రంగు తిరిగితే ఒట్టు. పైగా గుత్తుల్లో కాయలు తగ్గుతున్నాయి. నిన్న పన్నెండున్న చోట ఇవాళ తొమ్మిది. ఉడతలనుకున్నాను, పిట్టలనుకున్నాను. వల కప్పాను. అయినా తగ్గుతూనే ఉన్నాయి. నాకు అసలే ముక్కు మీద కోపం. అది రోజురోజుకీ పెరిగిపోతోంది.

ఇక్కడ మా దొడ్డి ఊడ్చే ఆమె గురించి చెప్పాలి.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే ఆమె కూడా మా ఊరికి కోడలిగా వచ్చింది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. ముప్పై ఏళ్ళకి పైగా పొద్దున్నే మా దొడ్డి ఊడ్చి, కళ్ళాపి చల్లి, వెనక గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగి వెళ్ళేది. మాటలు తక్కువ. నాకేమో నోరు ఎక్కువ. అలా మా ఇద్దరికీ చక్కగా కుదిరింది. మా అత్తగారి కాలం నుంచీ దొడ్లో ఒక కట్టుబాటు ఉంది. చెట్టున ఉన్నది ఇంటివాళ్ళది, నేల రాలింది ఊడ్చినవాళ్ళది. నిమ్మకాయైనా, జామకాయైనా, దొడ్లో ఉన్న రెండు మామిడిచెట్ల కాయలైనా అంతే. రాలినవి ఏరుకుని ఆమె కొంగున కట్టుకుని వెళ్ళేది, మేం అటు చూసేవాళ్ళం కూడా కాదు.

మామిడి కోతలప్పుడు ఆమెకి ఇంకో పని ఉండేది. కోసిన కాయలన్నీ తోటలో పాక కింద గడ్డి పరిచి కుప్ప పోస్తారు. కుప్ప ముందు ఒకావిడ కూర్చుంటుంది. ప్రతి కాయా ఆవిడ చేతిలోంచే వెళ్ళాలి. ఏది రేపటికి పండుతుందో, ఏది నాలుగు రోజుల ప్రయాణానికి ఆగుతుందో, ఏది లోపల దెబ్బతిందో చేత్తో పట్టుకుని చెప్పాలి. ఆవిడ వేరు చేసి పెడితే మిగతా ఆడవాళ్ళు ట్రేల్లో సర్దుతారు, ఇంకొందరు ఆ ట్రేలు నెత్తిన పెట్టుకుని వ్యాను దాకా మోస్తారు. కుప్ప మీద కూర్చునేది నీడపట్టున పని, కూలీ ఎక్కువ, దాన్ని మించి మర్యాద. మా తోటలో కుప్ప మీద ఇరవై ఏళ్ళుగా ఆమే. మోకాళ్ళు అరిగిపోయి బరువులు మొయ్యలేని స్థితికి వచ్చాక ఆ కుప్పే ఆమెకి ఏడాదిలో పెద్ద ఆధారం. మా తోట అయిపోగానే పక్క తోటలవాళ్ళూ ఆమెనే పిలిచేవాళ్ళు.

కుప్ప మీద ఎవరు కూర్చోవాలో తోట కొన్నాయన సొంతంగా తేల్చుకోడు. కోత మొదలయ్యే ముందు ఇంటికొచ్చి, ఆ ఇంటి ఆడవాళ్ళని అడుగుతాడు. ఎవరి చెయ్యి ఎలాంటిదో రోజూ ఇంట్లో చూసేవాళ్ళకి తెలుస్తుందని. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడ చెప్పేవారు. ఆ తర్వాత నేను. ఏటా ఒకటే పేరు చెప్పేదాన్ని. అడగడం ఆయన వంతు, చెప్పడం నా వంతు, అంతకు మించి దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఏప్రిల్ మధ్యలో ఒకరోజు పొద్దున్నే టమాటాల దగ్గరికి వెళ్తే ఆమె ఆ మూల ఊడ్చి, నడుం ఎత్తుతోంది. కొంగు చివర ఏదో మూట కట్టి ఉంది. ఏంటది అన్నాను. ఆమె ఏ అనుమానం లేకుండా కొంగు విప్పి చూపించింది. నాలుగు టమాటాలు. నాలుగూ ఆకుపచ్చవే.

నాకు ఒళ్ళు మండిపోయింది.

తోటల్లో దొంగని పట్టుకోవడానికి కాపలావాళ్ళు చూసేది ఒకటే. గాలీ వానా లేని రోజున పచ్చికాయ తనంతట తను కింద పడదు. పచ్చికాయ ఎవరి సంచిలో ఉన్నా అది కోసిందే. నేను పుట్టింది తోటలవాళ్ళ ఇంట్లో, మెట్టింది తోటలవాళ్ళ ఇంట్లో. ఆ మాట వింటూనే పెరిగాను. ఆ ముందు వారం రోజులుగా ఆకు కూడా కదల్లేదు.

"రాలినయ్యండీ," అంది ఆమె.

"గాలి లేకుండా పచ్చికాయ ఎట్టా రాలుతుంది? నాకు చెప్తున్నావా?"

ఆమె నాలుగు కాయలూ అరచేతిలో పెట్టుకుని నా ముందుకి చాచింది. "ఒక్కసారి నొక్కి చూడండి అమ్మగారూ."

నేను నొక్కలేదు. చెయ్యి కూడా చాచలేదు. ముప్పై ఏళ్ళుగా మా దొడ్లో తిరుగుతున్న మనిషివి, అడిగితే ఇవ్వనా, ఇంత కక్కుర్తేంటి అని గబగబా నోటికొచ్చింది అనేశాను. కక్కుర్తి అన్న మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే వినిపించింది. అయినా ఆగలేదు. కోపం వచ్చినప్పుడు నాకు మధ్యలో ఆగడం ఎప్పుడూ చేతకాదు.

ఆమె కాయల్ని వెనక మెట్టు మీద పెట్టింది. మిగిలిన దొడ్డి మొత్తం ఊడ్చి, చీపురు కడిగి, గోడకి ఆనించి వెళ్ళిపోయింది. ఆ రోజు టీ తాగలేదు. మెట్టు మీది కాయల్ని నేను విసురుగా చెత్తబుట్టలో పారేశాను. పచ్చికాయలు దేనికి పనికొస్తాయని.

ఆ మధ్యాహ్నమే తోట కొన్నాయన వచ్చారు. మైలవరం వైపు మనిషి, మాట మెత్తన, పదేళ్ళుగా మా కాపు ఆయనే కొంటున్నారు. వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ సోమవారం నుంచి బంగినపల్లి కోత పెడతామని చెప్పారు. మా ఆయనతో ట్రేల గురించీ, వ్యాన్ల గురించీ మాట్లాడాక నావైపు తిరిగి, ఈ ఏడు కూడా కుప్ప మీద పాతావిడేగా అండీ అని మామూలుగా అడిగారు.

అవునండీ అంటే సరిపోయేది. అదేమన్నా పెద్ద పనా?

"ఇంట్లో నాలుగు టమాటాలకే చెయ్యి ఆగడం లేదండీ. మీరే ఆలోచించుకోండి," అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, కాఫీ పూర్తి చేసి, కప్పు కింద పెట్టారు. సరేనండీ అన్నారు. మా ఆయన అందులో కలగజేసుకోలేదు. కుప్ప విషయం మా ఇంట్లో ఆడవాళ్ళది.

సోమవారం కోత మొదలైంది. కుప్ప మీద ఇంకెవరినో కూర్చోబెట్టారు. ఆమె ఏటా లాగే పొద్దున్నే అన్నం కట్టుకుని తోట దాకా వెళ్ళిందట. ఇవాళ వద్దులే అని పాక దగ్గరే చెప్పేశారట. ఎందుకని అడిగితే, ఇంటి మాట రాలేదు అన్నారట. ట్రేలు సర్దే ఆడవాళ్ళందరి ముందూ. ఇదంతా తోటకి వెళ్ళొచ్చి మా ఆయన చెప్పారు. నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. కానీ వెంటనే సమాధానం కూడా దొరికింది. పనిలోంచి తీసెయ్యమని నేనేమన్నా చెప్పానా? ఆలోచించుకోమన్నాను, అంతేగా. ఆ మర్నాటి నుంచి ఆమె మా దొడ్డి ఊడ్చడానికి రాలేదు.

రాకపోతే ఏం, నాకు చేతుల్లేవా అనుకుని చీపురు నేనే పట్టుకున్నాను. టమాటాల మూలకి వెళ్ళేసరికి డబ్బాల చుట్టూ ఏడెనిమిది కాయలు పడి ఉన్నాయి. ఆకుపచ్చవి. ఒకదానికి చీమలు పట్టాయి. చీమలు పచ్చికాయకి ఎందుకు పడతాయి? వంగి ఒకటి తీశాను. వేళ్ళ మధ్య మెత్తగా నలిగింది. అడుగున, మనసు పెట్టి చూస్తే తప్ప కనిపించనంత పసుపు ఛాయ. కొరికాను. నోరంతా రసం. పులుపు కొంచెం, తీపి ఎక్కువ. అంత మంచి టమాటా నా జన్మలో తినలేదు.

చీపురు పక్కన పెట్టాను.

చెట్టున ఉన్నవాటిని ఒక్కొక్కటే వేలితో ముట్టుకుని చూశాను. గట్టిగా ఉన్నవి కదల్లేదు. మెత్తబడినవి ముట్టుకోగానే చేతిలోకి వచ్చేశాయి. ఏలూరావిడకి ఫోన్ చేశాను. అవి ఎర్రబడవండీ, ఆ రకం అంతే, పండినా రంగు మారదు, నేను చెప్పలేదా అని ఆవిడ హాయిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంకెవరైనా పొరబడితే అర్థముంది. చిన్నరసం మామిడి మా ప్రాణం. అది పైకి ఆకుపచ్చగా ఉండగానే లోపల రసం కట్టేస్తుంది. రంగు చూసి రసం కొనేవాణ్ణి చూసి మేం నవ్వుతాం. వేలితో నొక్కి, ముచ్చిక దగ్గర వాసన చూసి పండిందో లేదో చెప్పడం మా ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా వచ్చు. నాకూ వచ్చు. నొక్కి చూడండి అని ఆ మనిషి చెయ్యి చాచి మరీ అడిగింది. నొక్కితే ఒక్క క్షణంలో తేలిపోయేది. ఎందుకు నొక్కలేదంటే, నేను చూడాలనుకున్నది కాయని కాదు. దొంగ ఎవరో నాకు అప్పటికే తేలిపోయింది.

ఇంతవరకూ జరిగింది పొరపాటు అనుకోవచ్చు. ఆ తర్వాత చేసినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

ఆ రోజు మంగళవారం. అప్పుడే చెప్పులేసుకుని తోటకి వెళ్ళి ఉంటే ఒక్క రోజుతో పోయేది. వెళ్ళలేదు. కొన్నాయన ముందు, అంతమంది కూలీల ముందు, టమాటా పండిందో లేదో తెలియని తోటలామెని నేనని ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు. రేపు చెప్దాం అనుకున్నాను. రేపు వచ్చింది, పోయింది. పొద్దున్నే కాయలు కోసుకునేదాన్ని. పది నిమిషాల్లో గిన్నె నిండేది. వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి నూనెలో మగ్గించి పచ్చడి చేశాను. మా ఆయన మారు వేయించుకున్నారు. ఇవేంటి, పచ్చికాయలతో చేశావా, ఇంత తియ్యగా ఉన్నాయేంటి అన్నారు. ఇవి ఇలాగే పండుతాయటండీ అని చెప్పాను.

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "మరి ఆవిడ కోసిందన్నావు?"

"కొన్ని కోసే ఉంటుందిలెండి. అన్నీ రాలతాయా?"

అబద్ధమని తెలిసే అన్నాను. ఆయన నా మొహంలోకి చూడలేదు. తల వంచుకుని అన్నం కలుపుకున్నారు. ఆ పచ్చడి నేను తినలేకపోయాను. అయినా చెప్పలేదు. అలా ఆరు రోజులు. ఒక్కో రోజూ ఆమె కుప్ప దగ్గర కూర్చోవలసిన రోజు అని తెలిసే కూర్చున్నాను ఇంట్లో. గ్రూపులో ఫోటో కూడా పెట్టాను. ఎంత బాగున్నాయండీ అని అందరూ మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా అందరికీ పేరుపేరునా చేతులు జోడించిన బొమ్మలు పంపించాను.

ఏడో రోజు చాట్రాయి దగ్గర చుట్టాలింట్లో గృహప్రవేశానికి కార్లో వెళ్తున్నాం. రోడ్డు పక్క తోటలో కోత జరుగుతోంది. లోడు వ్యాను రోడ్డుకి అడ్డంగా ఉంటే కారు ఆగింది. తోటలోంచి ఆడవాళ్ళు నెత్తిన ట్రేలు పెట్టుకుని వరసగా వస్తున్నారు. అందరికంటే వెనక ఆమె. ఒక చేత్తో ట్రే పట్టుకుంది, రెండో చెయ్యి మోకాలి మీద ఉంది. నాలుగడుగులు వేసి ఆగడం, మళ్ళీ నాలుగడుగులు. వెనకనుంచి ఎవరో మగమనిషి త్వరగా రమ్మని కేకేస్తున్నాడు. ఆమె వ్యాను దగ్గరికి వచ్చి ట్రే అందించి, తల ఎత్తితే నా కిటికీ కనిపిస్తుంది. నేను గభాల్న ఒళ్ళో ఉన్న సంచిలోకి తల వంచి ఏదో వెతుకుతున్నట్టు నటించాను. వ్యాను కదిలింది, మా కారూ కదిలింది. గృహప్రవేశంలో ఏం తిన్నానో, ఎవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఆ మోకాలి మీది చెయ్యే గుర్తుంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే గిన్నె నిండా టమాటాలు కోసుకుని కాలనీలో ఆమె ఇంటికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం ముందు నేను నిలబడడం అదే మొదటిసారి. అది కూడా అప్పుడే తెలిసొచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది. లేవద్దమ్మా అని పక్కనే కూర్చున్నాను. లేచి కుర్చీ తెస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపాను. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. తప్పు నాదేనని, అవి పండిన కాయలేనని, అవి అలాగే పండుతాయని, నువ్వు కొయ్యలేదని ఏడుపు గొంతుతో చెప్పాను.

ఆమె అంతా విన్నది. నూనె చెయ్యి కొంగుతో తుడుచుకుంది.

"నేను కొయ్యలేదని నాకు తెలుసు కదండీ. నాకెందుకు చెప్తారు? తెలియనివాళ్ళకి చెప్పండి."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. గిన్నె ఆమె ముందు పెడితే ఒక కాయ తీసి, తొడిమ చూసి, ఇవి కోసినవండీ, ఇంటికి తీసుకెళ్ళండి అని మళ్ళీ గిన్నెలోనే వేసింది. నేను ఆ గిన్నె పట్టుకుని కాలనీ మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చాను. అందరూ చూస్తూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్న తోటకి వెళ్ళాను. పాక కింద పదిహేను మంది దాకా ఆడవాళ్ళున్నారు. కొన్నాయన మంచం మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నారు. అయ్యేదాకా ఆగాను. ఆయన ఏంటండీ ఇలా వచ్చారు అని లేచి నిలబడగానే, రాత్రంతా అనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. మా ఇంట్లో టమాటాల వింత విన్నారా అని మొదలుపెట్టాను. మూడు వారాలు ఎర్రబడతాయని కాపలా కాశాననీ, తీరా చూస్తే ఆకుపచ్చగానే పండి రాలిపోతున్నాయనీ, తోటలవాళ్ళ ఆడపడుచుని నన్నే బోల్తా కొట్టించాయనీ బాగా రక్తి కట్టించి చెప్పాను. అందరూ నవ్వారు. కొన్నాయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. హమ్మయ్య, చెప్పేశాను అనిపించింది. ఇక వెళ్ళొస్తానని తిరిగాను కూడా.

కుప్ప మీద కూర్చున్న ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని నావైపే చూస్తోంది. "అయితే ఆవిడ తియ్యలేదాండీ?" అని అడిగింది.

పాక కింద నవ్వులన్నీ ఆగిపోయాయి. నేనింతసేపూ చెప్పిన కథలో ఆ మనిషి లేనే లేదు. టమాటాలు ఉన్నాయి, నేను ఉన్నాను, నా తెలివితక్కువతనం ఉంది. ముద్దుగా, నవ్వుకోవడానికి వీలుగా.

"తియ్యలేదు," అన్నాను. "రాలినవి ఏరుకుంది. అవి ఎప్పుడూ ఆమెవే. నేనే దొంగతనం అంటగట్టాను. నొక్కి చూడమంటే చూడలేదు. తర్వాత నిజం తెలిసి కూడా ఆరు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమె చెయ్యి మంచిది. మాట పడాల్సింది నేను."

ఇంతే చెప్పాను. చెప్తుంటే కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. వాటిని చూసి ఎవరూ అయ్యో అనలేదు. కొన్నాయన, మీ మాట మీదే కదండీ మాన్పించాను, ఇన్నాళ్ళ మనిషిని నేను మాత్రం ఒక్క మాట అడిగి ఉండాల్సింది అన్నారు. బంగినపల్లి ఎలాగూ అయిపోవచ్చిందని, నాలుగు రోజుల్లో రసాలు కోత పెడతామని, అప్పటికి ఆమెని రమ్మని తనే కబురు పంపుతానని చెప్పారు. కుప్ప మీద ఉన్న ఆవిడ, నాకు రసాలు తెలియవండీ, ఆవిడొస్తేనే మంచిది అంది.

రసాల కోత మొదటి రోజు ఆమె వచ్చింది. చాట్రాయి తోటవాళ్ళకి ఒప్పుకున్న పని పూర్తి చేసుకుని, ఒక రోజు విశ్రాంతి కూడా లేకుండా వచ్చింది. నేను కూడా వెళ్ళి పాక స్తంభం దగ్గర పొద్దంతా కూర్చున్నాను. నన్నెవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమె కుప్ప ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని కాయ తర్వాత కాయ చేతిలోకి తీసుకుంటోంది. చూడను కూడా చూడదు. వేళ్ళతోనే తెలుస్తుంది ఆమెకి. ఎవరో ఏదో అంటే నవ్వింది కూడా. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

సాయంత్రం పని అయ్యాక ఆడవాళ్ళందరూ డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. మామిడి జీడి మరకలు పోవడానికి ఆమె ఇసకతో వేళ్ళు రుద్దుకుంటోంది. దగ్గరికి వెళ్ళాను. రేపటి నుంచి ఇంటికి కూడా వస్తావు కదా అని అడిగాను. దొడ్డి అంతా ఆకులు పడి ఉంది, నాకు నడుం వంగడం లేదు అని కూడా అన్నాను. నవ్వుతూనే అన్నాను, ఆమె కూడా నవ్వుతుందనుకుని.

ఆమె చెంబుతో నీళ్ళు పోసుకుని చేతులు కడుక్కుంది. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"కుప్ప దగ్గరికి ఎప్పుడు పిలిచినా వస్తానండీ. ఇంటికి రాను. ఏమనుకోమాకండి," అంది. చెంబు డ్రమ్ము మీద పెట్టి, "ఇక్కడ పదిమంది చూస్తూ ఉంటారు. మీ దొడ్లో మీరూ నేనే కదండీ," అంది.

ఆటో హారన్ కొట్టింది. ఆమె చెప్పులు వేసుకుని, మోకాలు పట్టుకుని మెల్లగా ఆటో ఎక్కింది. అప్పటి నుంచి దొడ్డి నేనే ఊడ్చుకుంటున్నాను.